టౌను గేదెకు ఊళ్ళో బస

ఖరీఫ్ వరి కోతలు మొదలయ్యాయి. ఏడాది మొత్తంలో డెల్టా రైతు ఇంట గడ్డి నిండుగా ఉండేది ఇప్పుడే. తెనాలి, బాపట్ల, రేపల్లె టౌనుల్లో ఇంటి వెనక రెండు మూడు గేదెల్ని కట్టుకుని పాలు పోసేవాళ్ళకి ఏడాది పొడవునా కొనక తప్పనిదీ ఆ గడ్డే. గేదె పాలిస్తున్నన్నాళ్ళు ఖర్చు ఎలాగో గిట్టుతుంది. ఒట్టిపోయి చూడితో ఉన్న నెలల్లో మాత్రం మేత దండగనిపించి, మంచి జాతి గేదెను అయినకాడికి సంతకు తోలేస్తుంటారు. ఆ గేదెను నెలకింత అని మాట్లాడుకుని తెచ్చుకుని, మేపి, ఈనేలోపు అప్పగించే పని రెండెకరాల రైతు చేతిలో ఉన్నదే.

పెయ్యను పాలికిచ్చి మేపించుకోవడం మనకు తాతలనాటి నుంచీ ఉంది. అందులో వాటా పంచుకుంటారు, ఇందులో నెలనెలా డబ్బు ముడుతుంది. గుజరాత్‌లోని అకోదరలో 2011లో ఊరి పశువులన్నిటికీ కలిపి ఒక హాస్టలే పెట్టారు. అంత పెద్దది మనకొద్దు. ఆరు గేదెలతో మొదలుపెట్టండి.

ఆరే ఎందుకంటే గడ్డి లెక్క అక్కడికి తేలుతుంది. ఒట్టిపోయిన గేదెకు రోజుకు ఏడు కిలోల ఎండుగడ్డి, పదిహేను కిలోల పచ్చిమేత అనుకుందాం. ఆరింటికి ఏడాదికి పదిహేను టన్నుల పైచిలుకు ఎండుగడ్డి కావాలి. ఎకరా వరికి రెండు టన్నుల గడ్డి వస్తుందనుకుంటే ఏడెనిమిది ఎకరాల గడ్డన్నమాట. సొంత మాగాణి రెండెకరాలైతే మిగతాది చుట్టుపక్కల చేలల్లో ఇప్పుడే మాట్లాడుకోవాలి. వేసవిలో కొందామనుకుంటే వచ్చే జీతమంతా గడ్డికే పోతుంది. పచ్చిమేత ఏడాదికి ముప్పైమూడు టన్నులు. నీళ్ళున్న చోట నేపియర్ రకాలు బాగా చూసుకుంటే అరెకరం నుంచి అరవై డెబ్బై సెంట్లలో ఆ మేత వస్తుంది. షెడ్డు కట్టాక గడ్డి వెతుక్కునేవాళ్ళను చాలామందిని చూశాం. ముందు వామి వేయండి, పాక సంగతి తర్వాత.

మేత మూడు చోట్లా ఒకటి కాదు. తెనాలి వైపు కాలవ పారే నల్లరేగడిలో నేపియర్‌కు ఢోకా లేదు. వరి తర్వాత దున్నకుండా మొక్కజొన్న, జొన్న వేసే చేలు ఎక్కువ కాబట్టి వేసవి మొదట్లో చొప్పా దొరుకుతుంది. పూతకు రాని జొన్న, అందులోనూ నీటెద్దడికి వాడిన జొన్న మాత్రం పరాయి గేదెకే కాదు, సొంత గేదెకూ వేయొద్దు. విషమెక్కి నిమిషాల్లో పడిపోతుంది. రేపల్లె దిగువన మురుగు నిలిచే, చౌడు తగిలిన చెక్కల్లో నేపియర్‌తో తంటాలు పడకండి, పారా గడ్డి దుబ్బులు నాటండి. బాపట్ల తీరం ఇసుక నేలల్లో వేరుశనగ కట్టె బంగారమే. ఇక మూడు చోట్లా ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. కోతకు రెండు మూడు రోజుల ముందు, పదును ఆరకముందే, ఒక చెక్కలో పిల్లిపెసర గానీ జనుము గానీ చల్లండి. మినుము ధర చూసి చేనంతా మినుముకే ఇచ్చేస్తున్నారు గానీ, మేపే వ్యాపారం చేయదలచినవాడికి ఆ చెక్క పప్పు కన్నా ఎక్కువే సంపాదించి పెడుతుంది.

తడిసిన గడ్డి దగ్గర మొహమాటం వద్దు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను కోసిన పనల్ని చేలోనే నానబెట్టింది. అలా నాని, నల్లబడి, బూజు పట్టిన గడ్డి తిన్న గేదెకు ముందు తోక కొస చల్లబడుతుంది. తర్వాత నల్లగా ఎండి ఊడిపోతుంది. చెవుల అంచులు, గిట్టల పైభాగం కూడా కుళ్ళుతాయి. డెగ్నాలా అంటారు దీన్ని. యజమాని ఆదివారం చూడవచ్చేసరికి గేదెకు తోక లేకపోతే మీరేం చెబుతారు? బూజు గడ్డిని పెంటదిబ్బకే పంపండి. మంచి గడ్డి బలం పెంచాలనుకుంటే వంద కిలోలకు నాలుగు కిలోల యూరియాను అరవై లీటర్ల నీళ్ళలో కరిగించి పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు పట్టా కప్పి ఉంచండి. తీశాక వాసన పోయేదాకా ఆరబెట్టి వేయండి. ఆర్నెల్లలోపు దూడలకు ఆ గడ్డి పెట్టొద్దు.

చావిడి మెరక మీద ఉండాలి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగినప్పుడు కొల్లూరు వైపు లంకలు ఎలా మునిగాయో అందరికీ తెలుసు. కరకట్ట లోపలి భూమిలో మేత వేసుకోండి, పరాయి గొడ్డును మాత్రం అక్కడ కట్టొద్దు. గేదెకు కప్పు కింద నాలుగు చదరపు మీటర్లు, ఆరుబయట ఎనిమిది చాలు. ఉపాధి హామీ కింద మంజూరయ్యే మినీ గోకులం షెడ్ల గురించి రైతు సేవా కేంద్రంలో అడగండి. అవి సొంత పశువులున్న రైతు కోసం పెట్టినవి కాబట్టి, మీ ఆలోచన దాచకుండా చెప్పి అడగడం మంచిది.

అసలు భయం జబ్బులది. నాలుగిళ్ళ చూడి గేదెలు ఒక గాడి దగ్గర చేరితే ముందు తలుచుకోవాల్సింది బ్రూసెల్లోసిస్‌ని. ఒక గేదె ఈసుకుపోతే ఆ మాయ, ఆ నీరు సోకి మిగతావీ ఈసుకుపోతాయి, మనిషికీ జ్వరాలు పట్టుకుంటాయి. కిందటి ఈతలో ఈసుకుపోయిందా అని మొహాన్నే అడగండి. రక్తపరీక్ష చేయించని గేదెను, ఎంత కావలసినవాళ్ళదైనా, దింపుకోవద్దు. గాలికుంటు టీకా ఆరు నెలల లోపు పడి ఉండాలి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఏటా వానల ముందు వేయించాలి. మన మురుగు కాలవల్లో నత్తలు ఎక్కువ, వాటితో కార్జపు జలగ వస్తుంది. దవడ కింద నీరు దిగి, పారుకుంటూ చిక్కిపోతుంటే పేడ పరీక్ష చేయించండి. చూడి నెలను బట్టి ఏ మందు వాడాలో డాక్టరు గారే చెప్పాలి. మందుల షాపు మాట మీద తాగించొద్దు. కొత్తగా వచ్చిన గేదెను మూడు వారాలు విడిగా కట్టి, దాని తొట్టి, దాని పలుపు వేరుగా ఉంచండి.

గేదె వ్యాన్ దిగగానే యజమాని ఎదుటే చెవిపోగు మీది పన్నెండంకెల నంబరు రాసుకోండి. నాలుగు వైపులా ఫొటోలు తీయండి. నాలుగు చనుకట్లూ నొక్కి చూడండి. ఒకటి గట్టిగా తగిలితే అక్కడే చూపించి కాగితం మీద రాయించండి. లేకపోతే ఈనాక పాలు రాని చనుకట్టు మీ ఖాతాలో పడుతుంది. ఆ కాగితం లేకుండా, బంధువుల గేదెనైనా సరే, తీసుకోవద్దు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో మన పనికి సరిగ్గా సరిపోయే మాటలున్నాయి. అప్పగించిన సొమ్మును, బుద్ధిగలవాడు తన సొమ్మును చూసుకున్నట్టు చూసుకోవాలంటుంది 151వ సెక్షన్. 163వ సెక్షన్ ఉదాహరణ ఏకంగా ఆవు గురించే: మేపమని అప్పగించిన ఆవు మీ దగ్గర ఈనితే దూడను కూడా ఇచ్చేయాలి. కాబట్టి దూడ మీద ఆశ పెట్టుకోకండి. డాక్టరు ఖర్చు ఎవరిది, చస్తే ఎవరి నష్టం, బీమా ఉందా, రెండు నెలలు డబ్బు రాకపోతే ఏమిటి, ఇవన్నీ అందులోనే రాసుకోండి.

జీతం మాట్లాడేటప్పుడు గడ్డీ కూలీ కలిపి ఒక మాట చెప్పి, దాణా విడిగా ఉంచండి. తవుడు, పత్తిచెక్క ధరలు మన చేతిలో లేవు. యజమానినే పంపమనండి, లేదా ఆ నెల ధరకు లెక్క కట్టండి. చివరి రెండు నెలల చూడికి దాణా కిలోన్నర నుంచి రెండు కిలోల దాకా పెంచాలని ముందే చెప్పండి. పేడ మాత్రం మీదే అని రాయించుకోండి. రోజుకు గేదెకు పదిహేను కిలోలు వేసుకున్నా ఆరింటికి ఏడాదిలో ముప్పై టన్నులు దాటుతుంది. దుగ్గిరాల వైపు పసుపు, కంద వేసేవాళ్ళు కల్లంలోకే ట్రాక్టరు తెచ్చుకుంటారు.

గేదె చూడి పది నెలల పది రోజులు. తొమ్మిదో నెల నిండకముందే ఇంటికి చేర్చండి. నిండు చూడి గేదెను వ్యానెక్కిస్తే దారిలో ఏం జరిగినా మాట మీకే వస్తుంది. ఈలోగా ఏ గేదె అయినా కడుపుబ్బి అవస్థ పడితే సంచార పశువైద్య సేవకు 1962 నంబరుంది. ఫోన్ చేశాక యజమానికీ అప్పుడే ఒక మాట చెప్పండి, మర్నాటిదాకా ఆగకండి.