చెవి కడిగే ముందు కారణం వెతుకు

అమ్మడూ,

మీ లాబ్రడార్ బ్రూనో చెవి గోక్కుంటున్నాడని, తల విదిలిస్తున్నాడని, దగ్గరికొస్తే పులిసిన వాసన వస్తోందని రాశావు. అమ్మమ్మ కొబ్బరినూనె వెచ్చజేసి పొయ్యమంటోందట, పక్కింటాయన తన చెవి మందు ఇస్తానన్నాడట. ఇద్దరికీ మర్యాదగా వద్దని చెప్పు. డాక్టరు చూసేదాకా ఆ చెవిలో ఏదీ వెయ్యకు, తుడవకు కూడా. లోపల ఉన్నది ఉన్నట్టు కనిపిస్తేనే ఆయనకు సంగతి తెలుస్తుంది.

ముందు కుక్క చెవి నిర్మాణం తెలుసుకో. దాని చెవి గొట్టం తిన్నగా లోపలికి పోదు. కొంతదూరం కిందికి దిగి, అక్కడ మలుపు తిరిగి లోపలికి వెళ్తుంది. కర్ణభేరి ఉండేది ఆ చివర. అందుకే తడి త్వరగా ఆరదు, గుబిలి తేలిగ్గా బయటికి రాదు. లాబ్రడార్‌కైతే పైన చెవి డొప్ప మూతేసినట్టు వాలి ఉంటుంది. దానికి తోడు మీ విజయవాడ ఉక్క. సూక్ష్మజీవులు పెరగడానికి ఇంకేం కావాలి?

డొప్ప ఎత్తి చూడు. ఆరోగ్యమైన చెవి లేత గులాబీ రంగులో ఉంటుంది, వాసన ఉండదు. జిడ్డుగా గోధుమరంగు గుబిలి, పులిసిన వాసన ఉంటే చాలాసార్లు మలసీజియా అనే ఈస్ట్ పని. పసుపుపచ్చ చీము, ముట్టుకుంటే కుయ్యిమనేంత నొప్పి ఉంటే బాక్టీరియా అయి ఉండొచ్చు. కాఫీపొడి లాంటి నల్లటి పొట్టు రాలుతూ విపరీతమైన దురద ఉంటే చెవి పురుగుల్ని అనుమానించాలి. అవి పిల్లకుక్కల్లో ఎక్కువ, ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటాయి కూడా. కాబట్టి ఇంట్లో ఉన్న కుక్కలకీ పిల్లులకీ అన్నిటికీ వైద్యం చేయించాలి. ఇంతా చెప్పి ఒక మాట: రంగూ వాసనా చూసి మందు నిర్ణయించకూడదు. ఈస్ట్‌కి వేసే మందు బాక్టీరియాని చంపదు, బాక్టీరియా మందు ఈస్ట్‌కి పనిచెయ్యదు. చాలా చెవుల్లో రెండూ కలిసే ఉంటాయి. డాక్టరు దూదిపుల్లతో కాస్త గుబిలి తీసి, స్లైడు మీద రాసి, రంగువేసి మైక్రోస్కోపులో చూస్తే నిమిషాల్లో తేలిపోతుంది.

ఆయన చూడాల్సింది ఇంకొకటుంది, కర్ణభేరి. దానికి చిల్లి పడి ఉంటే జెంటామైసిన్ లాంటి కొన్ని మందులు లోచెవిలోకి దిగి వినికిడినీ, ఒంటి సమతూకాన్నీ దెబ్బతీయగలవు. పక్కింటాయన చుక్కలు వద్దన్నది అందుకే. కొబ్బరినూనె తడిని లోపలే పట్టి ఉంచుతుంది, డాక్టరు చూపుకి అడ్డం పడుతుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ అసలే ఎర్రబడ్డ చర్మాన్ని ఇంకా మండిస్తాయి. ఇయర్‌బడ్ గుబిలిని మలుపు దాటించి లోపలికి నెడుతుంది.

చెవి కడిగే మందు రాసిస్తే సీసాని కాసేపు అరచేతుల్లో పట్టుకుని చలువ పోగొట్టు. డొప్పని పైకి లాగి పట్టి, గొట్టం నిండేలా పొయ్యి. చెవి మొదలు దగ్గర అరనిమిషం మెల్లగా మర్దన చెయ్యి. వాడు తల విదిలిస్తాడు, విదిలించనీ. మలుపులో ఉన్న మురికి అలాగే పైకొస్తుంది. కనిపించినంత మేర దూదితో తుడిచి, ఆరాక చుక్కలు వెయ్యి. ముట్టుకోనివ్వనంత నొప్పిగా ఉంటే బలవంతం చెయ్యకు. అలాంటప్పుడు ముందు వాపు తగ్గడానికి మాత్రలిస్తారు, అవసరమైతే మత్తిచ్చి కడుగుతారు. నొప్పి కదా అని మన పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రం ఇవ్వకు. కుక్కలకి అవి ప్రమాదం.

మూడోరోజుకే గోక్కోవడం తగ్గుతుంది, మందు ఆపేయాలనిపిస్తుంది. అక్కడే చాలామంది దెబ్బతింటారు. చెప్పినన్నాళ్ళూ వేసి, మళ్ళీ స్లైడు చూపించి, డాక్టరు చాలంటేనే ఆపు. సగంలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ఆ మందుకి లొంగని బాక్టీరియా మిగులుతుంది. ఏళ్ళ తరబడి ఇలా సాగితే గొట్టం గోడలు మందమెక్కి గట్టిపడతాయి. ఆఖరికి గొట్టం మొత్తాన్నీ కోసి తీసెయ్యాల్సి రావొచ్చు.

ఇంతకీ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇది: ఈస్ట్, బాక్టీరియా చాలాసార్లు తర్వాత వచ్చిన చుట్టాలే, తలుపు తీసింది వేరొకటి. గడ్డి ముల్లో, పిడుదో, స్నానం నీళ్ళో కావొచ్చు. పదేపదే వచ్చే చెవి జబ్బు వెనక ఎక్కువగా ఉండేది అలర్జీ. వాడు పాదాలు నాకుతున్నాడా, పొట్ట, చంకలు గోక్కుంటున్నాడా గమనించి డాక్టరుకి చెప్పు. తిండి మీద అనుమానం వస్తే వాడు ఎన్నడూ తినని మాంసం ఒక్కటి పెట్టి దాదాపు ఎనిమిది వారాలు చూడమంటారు. ఆ వారాల్లో అమ్మమ్మ పెరుగన్నం ముద్ద, నీ బిస్కెట్ ముక్క ఏదీ కుదరదు. ఒక్కసారి పెట్టినా పరీక్ష చెడిపోతుంది.

తల ఒకపక్కకి వాల్చినా, తూలి నడిచినా, కనుగుడ్లు అటూఇటూ కొట్టుకుంటున్నా జబ్బు లోపలికి పాకి ఉండొచ్చు. విదిలించి విదిలించి డొప్పలో నెత్తురు చేరి ఉబ్బినా సరే, ఆ రోజే పరుగెత్తాలి. చెవి నయమయ్యాక రోజూ కడగబోకు. అతిగా కడిగినా చర్మం పాడవుతుంది. స్నానం చేయించినప్పుడు, కాలవలో ఈదించినప్పుడు తడి ఒత్తితే చాలు.

గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే. రేపు పొద్దున్నే తీసుకెళ్ళు. కర్ణభేరి బాగుందా, స్లైడులో ఏం కనబడింది, మళ్ళీ ఎప్పుడు రావాలి అని ఈ మూడూ అడిగి రాసుకో. చీటీ ఫోటో నాకు పంపు, ఏ మందు ఎందుకిచ్చారో చెబుతాను.

ఇట్లు
మీ మామయ్య