లండన్‌లో పిడి లేని పంపు

లండన్ పేరు చెప్పగానే మనకు పెద్ద గడియారం, థేమ్స్ మీది వంతెన, రాజభవనం గుర్తుకొస్తాయి. నేనింకా లండన్ చూడలేదు. మ్యాపు ముందు పెట్టుకొని, లైబ్రరీ పుస్తకాలు తిరగేసి రాస్తున్న వ్యాసమిది. ఎప్పుడైనా వెళ్లే భాగ్యం కలిగితే మాత్రం నేను మొదట చూడదలచుకున్నది ఒక చేతిపంపు!

అది సోహో పేటలో బ్రాడ్విక్ వీధిలో ఉంది. ఆక్స్‌ఫర్డ్ సర్కస్ స్టేషన్‌లో దిగితే పది నిమిషాల నడక. ఇప్పుడున్నది నమూనా పంపే. దానికి పిడి లేదు, కావాలనే పెట్టలేదు. 1854 ఆగస్టు చివర ఆ పేటలో కలరా చెలరేగి ఆరువందల మందికి పైగా చనిపోయారు. చెడుగాలి వల్ల కలరా వస్తుందని ఆనాటి పెద్ద డాక్టర్ల నమ్మకం. జాన్ స్నో అనే వైద్యుడు అది నమ్మక, ఇల్లిల్లూ తిరిగి ఎవరు పోయారో, ఎక్కడి నీళ్లు తాగారో విచారించాడు. చావులు దాదాపు అన్నీ ఆ పంపు చుట్టూనే. దగ్గరలోని బీరు కర్మాగారం కూలీలు మాత్రం బతికారు. వాళ్లు నీళ్ల బదులు బీరే తాగేవారట! (హాస్టల్ మిత్రులు దీన్ని మరోలా అర్థం చేసుకోవద్దని మనవి.)

సెప్టెంబరు 8న పంపు పిడి ఊడదీశారు. అప్పటికే రోగం తగ్గుముఖం పట్టి ఉండవచ్చునని స్నోయే ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు బాగా నచ్చింది. అసలు కారణం కనిపెట్టినవాడు హెన్రీ వైట్‌హెడ్ అనే చర్చి గురువు. ఆయన స్నో మాట తప్పని రుజువు చేయబోయి, చివరికి ఒప్పని తేల్చాడు. జబ్బుపడిన పసిపాప గుడ్డలు ఉతికిన నీళ్లు ఒక ఇంటి మురుగుగుంటలో పోశారు. ఆ గుంట బావికి మూడడుగుల దూరంలోనే ఉంది.

"గత్తరొస్తే ఊరిడిసి చేన్లల్ల గుడిసెలేసుకునేటోళ్లు బిడ్డా" అంటుంది మా నాయనమ్మ. మొన్న సెలవుల్లో ఇంటికి పోయి, మా వాడకట్టు బోరింగుకూ పక్కనున్న మరుగుదొడ్డి గుంటకూ మధ్య టేపు పెట్టి కొలిచాను. పదకొండు అడుగులు. నాయన చూసి నవ్విండు గానీ, మరునాడు తనే సర్పంచు దగ్గరికి పోయిండు.

ఇక బ్రిటిష్ మ్యూజియం వెనక కెపెల్ వీధిలో ఉష్ణమండల వ్యాధుల విద్యాలయం ఉంది. దాని బాల్కనీల మీద బంగారు పూత పూసిన దోమలు, పేలు, ఎలుకలు! గోడపైన మొదట చెక్కిన ఇరవైమూడు పేర్లలో రొనాల్డ్ రాస్ పేరుంది. 1897లో మన సికింద్రాబాదులోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినవాడాయన. కలరా నీటివల్లనే వస్తుందంటే ఒప్పుకోని పెట్టెన్‌కోఫర్ పేరూ అక్కడుంది. స్నో పేరు మాత్రం లేదు!

నగరానికి తూర్పున క్రాస్‌నెస్ అనే చోట 1865 నాటి మురుగునీటి పంపుల భవనం ఉంది. 1858లో థేమ్స్ కంపు భరించలేక పార్లమెంటు డబ్బిస్తే, బజల్‌గెట్ అనే ఇంజనీరు నగరమంతా మురుగు కాలువలు వేయించాడు. లోపలి ఇనుప పనితనం గుడిని తలపిస్తుందట. నాలుగు ఆవిరి యంత్రాల్లో ఒకదాన్ని బాగుచేసి 2003లో మళ్లీ తిప్పారు. రోజూ తెరవరు, తేదీ కనుక్కొని, అబ్బీవుడ్ స్టేషన్‌లో దిగి వెళ్లాలి.