వెనక బెంచీలో కూర్చోనిస్తే చాలు

సమస్య

మాది యానాం. ఉద్యోగం మూలాన పుదుచ్చేరి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ప్రభుత్వాఫీసులో గుమస్తాగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. మా ఆఫీసుకి జనం తాతలనాటి ఫ్రెంచి దస్తావేజులు పట్టుకొచ్చేవారు. ముద్ర, తేదీ తప్ప నాకేమీ అర్థమయ్యేది కాదు. చదివి చెప్పడానికి ఇంకొకరిని బతిమాలాల్సి వచ్చేది. రిటైరయ్యాక ఫ్రెంచి కాస్త, ఈ ఊరి చరిత్ర బాగా చదువుకోవాలని అప్పుడే అనుకున్నాను.

ఊళ్లో ఒక కాలేజీకి వెళ్లి, చరిత్ర క్లాసులో వెనక కూర్చుంటాను, పరీక్షా వద్దు పట్టా వద్దు అన్నాను. కౌంటర్లో అబ్బాయి నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసి, "స్టూడెంట్ ఎక్కడమ్మా?" అన్నాడు. నేనేనంటే, ఫారంలో అలాంటి గడి లేదన్నాడు. చూశాను, నిజంగానే లేదు. మావాడు ఫోన్లో నవ్వి, "ఇంట్లోనే ఆన్‌లైన్లో చదువుకోవచ్చు కదమ్మా" అన్నాడు. మా ఆయన ఊ అనరు, ఉహూ అనరు. ఆన్‌లైన్ పాఠాలు విన్నానండి, సగంలో నిద్రొస్తోంది. అడిగితే జవాబు చెప్పే మాస్టారు, పక్కన నలుగురు మనుషులు కావాలి నాకు. ఇది అత్యాశా? కాలేజీవాళ్లని ఒప్పించే దారేమైనా ఉందా?

— ఒక విశ్రాంత ఉద్యోగిని, ముత్యాలపేట

సలహా

అమ్మా,

అత్యాశేమీ కాదు. మీ అబ్బాయి సంగతి అలా ఉంచండి. అసలు చిక్కంతా ఆ ఫారంలో ఉంది. మన కాలేజీలకు తెలిసిన విద్యార్థి ఒకడే: చేరతాడు, హాజరు వేయించుకుంటాడు, పరీక్ష రాస్తాడు, పట్టా పుచ్చుకుని వెళ్లిపోతాడు. ఊరికే విని పోదామని వచ్చే మనిషికి అందులో చోటు లేదు. వయసు ఒక్కటే అడ్డమైతే ఇగ్నోలో చేరమనేవాణ్ణి, అక్కడ గరిష్ఠ వయోపరిమితి లేదు. హైదరాబాదులో 1982లో పుట్టిన మన సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా ఇంట్లో ఉండి చదువుకునేవాళ్ల కోసమే. మీరు అడుగుతున్నది ఇల్లు దాటి వెళ్లే చదువు.

ఆ లేని గడిని ఫ్రెంచివాళ్లు ఎప్పుడో గీశారు. 1973లో తులూజ్‌లో పియర్ వెల్లాస్ అనే ఆచార్యుడు రిటైరైనవాళ్ల కోసం 'మూడో వయసు విశ్వవిద్యాలయం' మొదలుపెట్టాడు. విశ్వవిద్యాలయమే పూనుకుని వాళ్లకు పాఠాలు చెప్పించే పద్ధతి అది. 1980ల మొదట్లో కేంబ్రిడ్జికి చేరేసరికి పద్ధతి మారింది. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెబుతారు, పరీక్షలుండవు, కావాల్సిందల్లా ఒక గది. ఫ్రెంచివాళ్ల వీధిపేర్లు, రొట్టె ఉంచుకున్న ఊరు ఇదీ అడిగి తెచ్చుకోవచ్చు.

ఇక చేయాల్సింది. గుమస్తా చేతిలో లేని అధికారాన్ని గుమస్తాని అడిగారు, ఆఫీసు నడిపిన మీకు ఇది తెలియనిదా! ముందు చరిత్ర చెప్పే అధ్యాపకురాలినో అధ్యాపకుడినో కలవండి. వాళ్లు సరేనంటే సగం పని అయినట్టే. పెన్షనర్ల సంఘంలో మీలాంటి వాళ్లను నలుగురిని పోగుచేసి, అందరి సంతకాలతో ప్రిన్సిపాలుకి ఒక్క పేజీ ఉత్తరం ఇవ్వండి. ఒక సబ్జెక్టు, ఒక సెమిస్టరు, సీట్ల లెక్కలోకి రాము, గేటు దాటడానికి గుర్తింపు కార్డు చాలు, కొద్దిపాటి ఫీజు కడతాం అని రాయండి. నకలు ఉన్నత విద్యాశాఖకు పంపండి. 1999 నాటి జాతీయ వృద్ధుల విధానం పెద్దల చదువుకు ఊతమివ్వాలంది. 2020 జాతీయ విద్యావిధానంలో వయోజన విద్య, జీవితాంతం చదువు మీద ఒక అధ్యాయమే ఉంది. బడివేళలయ్యాక బళ్లనూ, గ్రంథాలయాలనూ పెద్దల చదువుకు వాడమంటుంది. ఉత్తరంలో ఈ రెండూ ఉదహరించండి, ఫైలు మీద నోటు రాసే మనిషికి ఆధారం దొరుకుతుంది.

అడగడమే కాదు, ఇవ్వడానికీ మీ దగ్గర సరుకుంది. 1954లో యానాం, పుదుచ్చేరి ఫ్రెంచివాళ్ల చేతుల్లోంచి వచ్చాయి, 1962లో గానీ ఆ బదిలీ చట్టబద్ధం కాలేదు అని పిల్లలు పుస్తకంలో చదువుతారు. ఆ కాలపు కాగితం పట్టుకుని కౌంటరు ముందు నిలబడ్డ మనవడి అవస్థ మీరు చూశారు. ఒక గంట అది చెబుతానని ఉత్తరంలోనే రాయండి.

కాలేజీ కాదంటే కేంబ్రిడ్జి దారి పట్టండి. 1827 నాటి రొమైన్ రోలండ్ గ్రంథాలయంలో వారానికోసారి ఒక మూల అడగండి. తెలుగువాళ్లే జమైతే ఆనందరంగ పిళ్ళై దగ్గర మొదలుపెట్టండి. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా ఉంటూ తమిళంలో దినచర్య రాసుకున్న ఆయన పేరు మీదే కస్తూరి రంగకవి తెలుగులో 'ఆనందరంగరాట్ఛందము' రాశాడు. మన భాషలోంచి ఈ ఊరి చరిత్రలోకి పోవడానికి ఇంతకన్నా మంచి గుమ్మం నాకు తెలియదు. ఫ్రెంచికైతే ఎవరి దయా అక్కర్లేదు, 1889 నుంచీ ఊళ్లో ఉన్న అలయాన్స్ ఫ్రాన్సేజ్‌లో పెద్దలకూ క్లాసులున్నాయి.

ఒక మాట. అన్ని క్లాసులూ బాగుండవు. గంటంతా నోట్సు రాయించే మాస్టారు తగిలితే మొహమాటపడక మానేయండి, మీకు హాజరు శాతం గొడవ లేదుగా. ఉత్తరం మాత్రం కాలేజీలు తెరవక ముందే ఇవ్వండి. తెరిచాక ఇస్తే, వచ్చే ఏడు చూద్దామంటారు.