కంప్యూటరు విప్పే ముందు



ఒక వేసవి సాయంకాలము రుద్రవరం వైపు నుండి ఒక యువకుణ్ణి మా క్యాజువాలిటీకి తీసుకొని వచ్చారు. కంప్యూటరులోని ఎస్.ఎం.పి.ఎస్. డబ్బా విప్పి ఫ్యాను దుమ్ము తుడుస్తుంటే షాకు కొట్టిందట. "గోడ స్విచ్చి ఆపే చేశాను సిస్టరమ్మా" అన్నాడు. ఆపిన మాట నిజమే. కాని కంప్యూటరు వైరు యు.పి.ఎస్.లో ఉంది. గోడ కరెంటు పోతే దాని బ్యాటరీ నుండి మళ్ళీ 230 వోల్టులు వస్తాయి. అందుకే కదా మనం దాన్ని కొన్నది! కాబట్టి విప్పే ముందు కంప్యూటరు వెనుక వైరునే పీకివేయవలెను.

వైరు పీకినా ఆ డబ్బాలోని కెపాసిటర్లలో సుమారు 325 వోల్టులు కొంతసేపు నిలిచి ఉండవచ్చు. దానిని ఇంట్లో విప్పవద్దు, కొత్తది వేయించండి. పాత బుడ్డి మానిటరు ఇంకా అటకమీద ఉంటే దాని జోలికి అసలే పోవద్దు, అందులో 20 వేల వోల్టులు దాటుతుంది. మిగతా బోర్డులకు వెళ్ళేది 12 వోల్టులకు మించదు.

కేబినెట్ తాకితే జిల్లుమంటుందని చాలామంది నవ్వుతూ చెబుతారు. మాకు నవ్వు రాదు. అది ఎర్త్ అందడం లేదనడానికి గుర్తు. ప్లగ్గు మూడో పిన్ను విరిచి వాడేవారున్నారు. మన నల్లరేగడి వేసవిలో ఎండి నెర్రెలిచ్చినప్పుడు ఎర్త్ గుంతలో నీళ్ళు పోయాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టిస్తే ఇంకా మంచిది.

10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే చేతి కండరాలు బిగుసుకొని, పట్టుకున్నది వదలలేరు. అటువంటివారిని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపండి. వీలుకాకపోతే పొడి నేలమీద నిలబడి, ఎండిన కర్రతో గాని ప్లాస్టిక్ కుర్చీతో గాని నెట్టండి. స్పృహ, శ్వాస లేకపోతే 108కి ఫోను చేయించి, రొమ్ము మధ్యన రెండు చేతులతో రెండంగుళాల లోతున, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కుతూ ఉండండి. ఇసుకలో కప్పవద్దు. కాలినచోట ఇంకు, పేస్టు పూయవద్దు, 20 నిమిషాలు కుళాయి నీళ్ళు పోయండి.

లేచి కూర్చున్నాడు కదా అని ఇంటికి తీసుకుపోకండి. గుండె లయ తప్పిందేమో ఇ.సి.జి.లోనే తెలుస్తుంది. మూత్రము ముదురు రంగులో వచ్చినా, గర్భిణీకి షాకు తగిలినా వెంటనే డాక్టరుగారికి చూపించాలి.

ఆ యువకునికి వేలిమీద చిన్న కాలుడు మాత్రమే. రాత్రంతా గమనించి ఉదయము పంపించాము.