పదవికి విరమణ - కాయకమునకు లేదు
(వృద్ధ దంపతులకొక పాఠము)



పదవీ విరమణ సభలో పూలదండ వేసి, శాలువ కప్పి, పెద్దలు పలుకు మాట సాధారణముగా ఒక్కటే: "ఇక మీరు హాయిగా విశ్రాంతి తీసికొనవచ్చును." ఆ మాట విని ఆయన సంతోషించును. ప్రక్క కుర్చీలో కూర్చున్న ఆయన ధర్మపత్నికి మాత్రము ఆ మాట ఎవరును చెప్పరు. మరునాడు తెల్లవారుజామున ఆమె ఎప్పటివలెనే లేచి పొయ్యి వెలిగించును. ఆ తెల్లవారుజామును గూర్చియే ఈ పాఠము.

మన ఊళ్లలో ఒక దినము

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో బడులలోను, కచేరీలలోను, రైల్వేలోను, బ్యాంకులలోను పనిచేసి విరమించిన దంపతులు ఎందరో కలరు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో స్థిరపడగా ఇంట మిగిలినది ఇద్దరే. అట్టి శరణ దంపతులను ఒక్కసారి తలచుకొందము. వేకువనే స్నానము, విభూతి ధారణము, ఇష్టలింగ పూజ ఇద్దరును కలసియే చేసికొందురు. ఇంతవరకు సమానమే. పిదప ఆయన దినపత్రిక చదువును, కాలువ గట్టున నడచి వచ్చును, పాత మిత్రులతో అరుగుపై మాటాడును. ఆమె నీళ్లు పట్టును, కూర తరుగును, అంట్లు తోమును. ఉద్యోగ దినములలో ఆయన తొమ్మిదింటికి భోజనము చేసి వెళ్లిన పిమ్మట ఆమెకు కొంత తీరిక ఉండెడిది. ఇప్పుడు ఆయన దినమంతయు ఇంటనే ఉందురు గనుక కాఫీలు పెరిగినవి, వచ్చు మిత్రులు పెరిగిరి, ఉన్న తీరిక పోయినది.

"ఏమండీ, మీకు రిటైర్మెంటు వచ్చింది. నాకెప్పుడు?" అని ఆమె నవ్వుచు అడుగును. ఆయనయు నవ్వి ఊరకుండును. ఆ ప్రశ్నకు బదులు చెప్పవలసిన ధర్మము మన మతమునకు కలదు.

కాయకము, ఉద్యోగము ఒక్కటి కావు

పన్నెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు బోధించిన కాయకము కేవలము జీతము కొఱకు చేయు పని కాదు. అది దేహముతో, శుద్ధమైన మనస్సుతో చేయు శివార్పణము. అందులో ఎక్కువ పని, తక్కువ పని అను భేదము లేదు. ఉద్యోగమునకు గడువు పెట్టునది ప్రభుత్వము. మన రాష్ట్రమున 1983లో ఉద్యోగుల విరమణ వయస్సు 58 నుండి 55కు దించబడినది. కొంతకాలమునకు మరల 58 అయినది. ఆంధ్రప్రదేశమున 2014లో 60 ఏండ్లకును, 2022లో 62 ఏండ్లకును పెరిగినది. ఒక ఉత్తరువుతో హెచ్చుచు తగ్గుచు ఉండు అంకె మనుష్యుని కాయకమునకు ముగింపు ఎట్లగును?

అట్లని పింఛను తీసికొనుట సోమరితనమని ఎవరును అనరాదు. 1982 డిసెంబరు 17న నకారా వ్యాజ్యమున మన సర్వోన్నత న్యాయస్థానము పింఛను దయతో వేయు భిక్షము కాదనియు, చేసిన సేవకు దక్కు హక్కు అనియు తీర్పు చెప్పినది. అందుచేతనే డిసెంబరు 17ను పింఛనుదారుల దినముగా జరుపుకొనుచున్నారు. చేసిన కాయకమునకు ఫలము వచ్చుట న్యాయమే. అయితే ఆ ఉద్యోగము నడచిన ముప్పది ఏండ్లును వేళకు అన్నము పెట్టి పంపినది ఎవరు? ఆ పింఛనులో ఆమె కాయకము కూడ కలదని గ్రహింపవలయును.

మారయ్య - లక్కమ్మ

ఈ సందర్భమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను శరణ దంపతుల కథ స్మరణీయము. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతో వండి జంగమ దాసోహము చేయుట లక్కమ్మ కాయకము. ఒకనాడు మారయ్య శరణుల గోష్ఠిలో మునిగి తన పని మరచెను. లక్కమ్మ అతనిని హెచ్చరించి, కాయకము ఆగినదని గుర్తు చేసి పంపెను. తరువాత అతడు ఎప్పటికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఆమె సంతోషింపలేదు. మనకు కావలసినదానికి మించినది మనది కాదు, దానిని మరల అచ్చటనే పోసి రమ్మనెను. మారయ్య ఆమె మాట విని అట్లే చేసెను.

ఇందులో రెండు పాఠములు కలవు. సద్గోష్ఠి మంచిదే అయినను, దాని పేర పనిని మానరాదన్నది మొదటిది. ఆధ్యాత్మిక చర్చకే ఆ నియమము వర్తించినప్పుడు అరుగు మీది రాజకీయ చర్చను గూర్చి చెప్పనేల? ఇంటి రాబడి లెక్క, హద్దు ఆమెకును తెలియుట రెండవది. లక్కమ్మ వండిపెట్టుటతో ఆగలేదు. తప్పు కనబడిన చోట భర్తకు చెప్పినది. ఆమె స్వయముగా వచనములు చెప్పిన శరణి. అనుభవ మంటపమున స్త్రీలకు స్థానమొసగిన మార్గము మనది.

ఈ మార్గము మన నేలకు క్రొత్తది కాదు. రేపల్లె, బాపట్లల నడుమ చందవోలు కలదు. అది వెలనాటి చోడుల రాజధాని. ఆ కొలువున మల్లికార్జున పండితారాధ్యుడు బౌద్ధునితో వాదించెనని పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున చెప్పెను. బసవేశ్వరుని దర్శింప బయలుదేరిన ఆ పండితుడు త్రోవలోనే బసవని లింగైక్య వార్త విని దుఃఖించెను. అంత ఆర్తితో మన పెద్దలు వెదకిన బోధను మనము పూజగదిలోనే ఉంచి వంటింటిలోనికి రానీయకుండుట తగునా?

ఆచరణము

1. విరమణ పొందిన పురుషుడు ఇంటి పనులలో కొన్ని తనవిగా స్వీకరింపవలయును. "సాయము చేయుదును" అనుట చాలదు. సాయమనగా పని ఆమెదే అని అర్థము. నీళ్లు పట్టుట, కూరగాయలు తెచ్చి తరుగుట, సాయంకాలపు కాఫీ, పూజా స్థలము శుభ్రము చేయుట వంటివి నిత్యమును ఆయనవే కావలయును.

2. లెక్కలు ఇద్దరికిని తెలియవలయును. పింఛను ఉత్తరువు ఎచ్చట ఉన్నది, బ్యాంకు ఖాతాలో ఇద్దరి పేర్లు కలవా, ఏటేట జీవించియున్నట్లు ధ్రువపత్రము ఎప్పుడు ఈయవలయును అన్నవి ఆమెకు తెలియకున్న ఆయన లింగైక్యమైన పిదప ఆమె కచేరీల చుట్టు తిరుగవలసి వచ్చును. కుటుంబ పింఛను సాధారణముగా చివరి వేతనములో నూటికి 30 వంతులు. ఆ తగ్గిన రాబడితో ఇల్లు నడుపవలసినది ఆమెయే. 2022 ఏప్రిల్ 4 నుండి రేపల్లెకు జిల్లా కేంద్రము బాపట్ల అయినది. రైలున పోవువారు తెనాలిలో బండి మారవలయును. ఒకసారి ఆ ప్రయాణము ఇద్దరును కలసి చేసి, కాగితములన్నియు సరిచూచుకొనుట మేలు.

3. దాసోహము విడువరాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఎఱిగిన ఈ తీరపు పెద్దలకు అన్నపు ముద్ద విలువ వేరుగ చెప్పనక్కరలేదు. పింఛనులో ఒక పాలు మఠమునకో, ఆకలిగొన్న విద్యార్థికో చేరవలయును. ఉపాధ్యాయుడైనవాడు ఇంటి అరుగున నలుగురు పిల్లలకు చదువు చెప్పినను దాసోహమే. అయితే అతిథుల కొఱకు వండు శ్రమ ఆమెకొక్కతెకే వదలి పుణ్యము ఇద్దరిదనుట దాసోహము కాదు.

4. ఆమెకు తీరిక కలుగవలయును. వచన పఠనమునకు, మఠ దర్శనమునకు, అక్కచెల్లెండ్రతో మాటాడుటకు దినమున కొంత కాలము ఆమెది కావలయును.

ఇంట కూర్చుండి చర్చింపుడు

1. మన ఇంట విరమణ ఎవరికి వచ్చినది? ఎవరికి రాలేదు?
2. మారయ్యవలె భార్య హెచ్చరికను విని మరలి వెళ్లిన సందర్భము మనకు ఒకటైనను కలదా?
3. మన రాబడిలో కావలసినదెంత? మిగిలినది ఎవరిది?

రేపటి ఉదయము లింగపూజ ముగిసిన వెంటనే ఆయన వంటింటిలోనికి పోయి పొయ్యి వెలిగించి, "నీవు కొంచెము కూర్చో" అని ఆమెతో అనగలిగినచో ఈ పాఠము చదివిన ఫలము దక్కినట్లే. ఆ ఇంట బసవేశ్వరుడు తప్పక ఉండును.