మీటరుకు ఎంత గుర్తుంటుంది?

మెట్టుగూడ తార్నాకకూ సికింద్రాబాదుకూ మధ్య ఉంది. దగ్గరలోనే లాలాగూడ రైల్వే వర్క్‌షాపు. అది నిజాం కాలంలో, 1893లో మొదలైంది. రైలు పెట్టెలు అక్కడ బాగు చేస్తారు. పెట్టెల్లో లైట్లు, ఫ్యాన్లు ఉంటాయి కదా. అక్కడైనా, మన ఇంట్లోనైనా కరెంటు పని చేసేవాళ్ల చేతిలో మల్టీమీటరు ఉండాల్సిందే.

మల్టీమీటరు వోల్టులు కొలుస్తుంది. వోల్టు అంటే తీగలో కరెంటును తోసే ఒత్తిడి. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే నల్లా నీళ్లు అంత జోరుగా వస్తాయి. ఇదీ అంతే. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. అంకెలు చదవడం వస్తే మీటరు చదవడం వచ్చినట్టే.

మీటరు మీద ఒక బటన్ ఉంటుంది. దాని మీద ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు. 'హోల్డ్' అని చదవాలి. అది నొక్కితే తెర మీద అంకె కదలదు. చీకటి మూలలో కొలిచి, వెలుగులోకి వచ్చి చదువుకోవచ్చు. కానీ ఇందులోనే ప్రమాదం ఉంది.

ఒక అన్న మెయిన్ ఆపి తీగను కొలిచాడనుకోండి. సున్నా వచ్చింది. హోల్డ్ నొక్కాడు. అంతలో కింద ఎవరో మెయిన్ వేశారు. అన్న మళ్లీ కొలిచాడు. తెర మీద సున్నాయే ఉంది. అది పాత సున్నా! ఇప్పుడు తీగలో 230 ఉంది. ముట్టుకుంటే ప్రాణం పోతుంది.

అందుకే ముందు తెర మీద హోల్డ్ గుర్తు లేదని చూడాలి. తర్వాత కరెంటు ఉన్న ప్లగ్గులో మీటరు పెట్టి చూడాలి. 230 దగ్గర చూపిస్తేనే పని చేసే తీగను కొలవాలి. ఆ తర్వాత మళ్లీ ఆ ప్లగ్గు కొలవాలి. విసుగనిపించినా మానొద్దు. మెయిన్ దగ్గర ఒక మనిషిని కూడా నిలబెట్టాలి.

కొన్ని మీటర్లకు జ్ఞాపకం ఉంటుంది. దాన్ని 'మెమరీ' అంటారు. కొలిచిన అంకెలను 1, 2, 3 అని వరసగా దాచుకుంటుంది. మూడో నంబరులో 198 ఉందనుకోండి. అది ఎవరింటిది? మీటరు చెప్పదు. మీరే నోటుబుక్కులో రాయాలి: 'నంబరు 3, రెండో అంతస్తు, వంటగది, రాత్రి 8 గంటలు, 198.'

మెమరీ నిండితే కొన్ని మీటర్లు దాచడం ఆపేస్తాయి. కొన్ని పాత అంకె తీసేసి కొత్తది పెడతాయి. మీ మీటరు సంగతి డబ్బాలో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలామంది దాన్ని డబ్బాతో పాటే పారేస్తారు! 'క్లియర్' నొక్కితే దాచినవి పోతాయి. అవన్నీ రాసుకున్నాకే నొక్కండి.

మీటరు తనంతట తానే దాచుకునేటట్టు కూడా పెట్టవచ్చు. ఎంతసేపటికి ఒకసారి అన్నది మనమే చెప్పాలి. 1000 అంకెలు పట్టే మీటరు ఉందనుకోండి. సెకనుకు ఒకటి చొప్పున దాస్తే 16 నిమిషాల 40 సెకన్లలో నిండిపోతుంది. సాయంత్రం మోటారు ఎందుకు మూలుగుతోందో తెలియాలంటే అది చాలదు.

నిమిషానికి ఒకటి చొప్పున దాస్తే ఎన్ని గంటలు వస్తుంది? లెక్క చేసి రాయండి.