గోండుల దైవములు - భయంకర రూపమున అనుగ్రహము

దైవము సౌమ్యరూపముననే సాక్షాత్కరించునను నియమము లేదు. హిరణ్యకశిపుని సంహరించిన నృసింహమూర్తిని సమీపించుటకు దేవతలు సైతము జంకిరి. ప్రహ్లాదునకు మాత్రము ఆ మూర్తియే కరుణాసముద్రము. సంబంధమెరుగని వానికి భూతముగా తోచునదే, సంబంధమెరిగిన వానికి రక్షకమగును. ఈ సత్యమునకు ఆదిలాబాదు అడవులలోని రాజగోండుల ఆరాధన చక్కని నిదర్శనము.

పూర్వము ఆదిలాబాదు జిల్లాలో నుండి, 2016లో ఆసిఫాబాదు కేంద్రముగా ఏర్పడిన కుమురం భీం జిల్లాలో చేరిన జైనూర్ మండలమున గోండు గూడెములు పెక్కు కలవు. గోండీ భాషలో దైవమునకు 'పెన్' అని పేరు. గ్రామమును కాచునది అకి పెన్. వంశమును కాచునది పెర్స పెన్, అనగా పెద్ద దేవుడు. గుహలో బంధింపబడిన గోండు దేవతలను పహండి కుపార్ లింగో విడిపించెననియు, నాలుగు, ఐదు, ఆరు, ఏడుగురు అన్నదమ్ముల శాఖలుగా గోండు సమాజమును ఏర్పరచెననియు వారి పురాణము. ఒకే శాఖవారు పరస్పరము సోదరులు. వారి నడుమ వివాహము నిషిద్ధము.

పెర్స పెన్‌కు మానవాకృతి గల విగ్రహము లేదు. ఇనుప ఈటెమొన, చమరీమృగపు వెంట్రుకల చామరము - ఇవియే ఆ దైవమునకు చిహ్నములు. వంశపూజారియగు కటోడ పూజ నిర్వహించును. ప్రధానులు కిక్రి వాద్యము మ్రోయించుచు వంశగాథను గానము చేయుదురు. మరణించిన వంశీయులు ఈ దైవసన్నిధిని చేరుదురని గోండుల విశ్వాసము.

వైష్ణవాలయములలో చామరము స్వామి కైంకర్యమునకు సాధనము. ఇచ్చట చామరమే దైవచిహ్నము. ఇది వింతగా తోచినచో, సుదర్శనమును చక్రత్తాళ్వారుగా పూజించుటను, పొయ్‌గై ఆళ్వారును పాంచజన్యాంశగా భావించుటను స్మరింపవలెను. ఆయుధమును దైవముగా కొలుచుట మనకును సంప్రదాయమే. అంతమాత్రమున రెండు సంప్రదాయములును ఒక్కటియని చెప్పరాదు. ఒకదాని వెలుగున రెండవదానిని గౌరవింపవచ్చును.

దీపావళి దినములలో దండారి ఉత్సవము జరుగును. శిరమున నెమలిపింఛముల కిరీటము, ఒడలినిండ బూడిద, భుజమున చర్మము, చేత దండము ధరించి గుస్సాడీలు పొరుగు గూడెములకు అతిథులై వెడలుదురు. తెలియని పసివారు చూచి కేకలు వేయుదురు. కాని గుస్సాడీ వేషము వినోదార్థమైనది కాదు. అది దీక్ష. ముగియువరకు వారు స్నానము చేయరు. ఏత్మసూర్ దైవము వారిని ఆవహించుననియు, వారి దండము తాకిన రుగ్మతలు తొలగుననియు నమ్మకము.

దూరదేశమగు జపానులోను ఇట్టి ఆచారము కలదు. అకిత ప్రాంతమున ఓగ ద్వీపకల్పములో, సంవత్సరపు కడపటి రాత్రి, రాక్షసముఖములును గడ్డి అంగీలును ధరించిన 'నమహగే'లు ఇంటింటికిని వచ్చి, సోమరి పిల్లలున్నారా యని గర్జింతురు. గృహస్థులు వారిని తరిమివేయరు, అన్నపానములతో సత్కరింతురు. ఏలయన వారు కీడును తొలగించి శుభమును తెచ్చు దైవములు. ఇట్టి అతిథిదైవముల ఆచారములను 2018లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించినది.

గోండు దైవములకు తాళపత్రములు ఆధారము కావు. ప్రధానుల కంఠమును, గుస్సాడీల పాదమును ఆధారములు. 1940 దశకమున జైనూర్ సమీపమున మార్లవాయిలో నివసించిన హైమెండార్ఫ్ ఆ గాథలను గ్రంథస్థము చేసెను. అదే గ్రామవాసి, గుస్సాడీ నాట్యాచార్యుడు కనకరాజు 2021లో పద్మశ్రీ బిరుదమునకు ఎంపికై, 2024లో పరమపదించెను. పాడువారు తగ్గినకొలది, ఏ దైవము ఏ వంశమును ఎట్లు కాచెనో తెలియజెప్పు గాథయు మరుగుపడును. చామరము మిగిలినను, దాని కథ మిగులదు.

కావున ఆ మార్గమున పయనించు యాత్రికులు గుస్సాడీలు ఎదురైనచో పరిహసింపరాదు, దయ్యపు వేషమని పసివారికి చెప్పరాదు. 'ఇది ఒక దీక్ష. వారి దైవము వారిని కాచుచున్నది' అని చెప్పి, చేతులు జోడించుట భాగవతులకు తగిన మర్యాద.